‘వాడేవారి పొరపాటు’ అని నేను రాసిన కాగితం

పని ఏమిటంటే

నేను ఉద్యోగం నుంచి దిగిపోయి చాలా కాలమైంది. ఏం చేసేవారని ఎవరైనా అడిగితే కంప్యూటర్లలో పనిచేశానంటాను. ఇంకా గుచ్చి అడిగితే, తప్పులు ఏరే పని అంటాను. అక్కడితో చాలామంది ఊరుకుంటారు. మా మేనకోడలు ఈ మధ్యే అలాంటి ఉద్యోగంలోనే చేరింది. శిక్షణలో తనకిచ్చిన పుస్తకం తిరగేశాను. అన్నీ గళ్ళు, బాణాలు, పట్టికలు. మనుషులు ఒక్క పేజీలోనూ కనబడలేదు. నా పని సగానికి పైగా మనుషులతోనే గడిచింది కనక, ఆ సగం సంగతి నేను రాస్తున్నాను.

మాది రాజోలు. ఎనభైల మొదట్లో అమలాపురంలో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పేదాన్ని. తెలుగు, ఇంగ్లీషు రెండూ. కంప్యూటర్లు వచ్చి టైపు మిషన్ల మీద దుమ్ము పేరుకోవడం మొదలయ్యాక నేనూ కంప్యూటర్ నేర్చుకున్నాను. ఆ తరవాత హైదరాబాదులో ఒక సంస్థలో చేరాను. వాళ్ళు పూర్తిగా తెలుగులో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేస్తున్నారు. అంటే కంప్యూటర్ తెరవగానే కనిపించేది, ఫైళ్ళు దాచేది, అచ్చుకి పంపేది, అన్నిటికీ అడుగున ఉండేదన్నమాట. అది బయటికి రాకముందే కొన్ని ఊళ్ళలో జనానికి సీడీలు ఉచితంగా ఇచ్చి, వాడి చూసి ఎక్కడ తేడా చేసిందో చెప్పండని అడిగేవాళ్ళం. ఆ ముందు ప్రతిని బీటా అంటారు. రెండు వేల సంవత్సరం దాటాక కోనసీమ అంతటికీ ఆ బాధ్యత నాకు అప్పజెప్పారు. నువ్వు ఆ ఊళ్ళ దానివే కదా, నీతో మనసు విప్పి మాట్లాడతారు అన్నారు. పాపం, వాళ్ళకి మావాళ్ళ సంగతి తెలియదు.

చాలా బాగుంది

అమలాపురం, రాజోలు, కొత్తపేట, రావులపాలెం, ఇంకా చుట్టుపక్కల కలిపి పదిహేను చోట్ల సీడీలు ఇచ్చాను. బళ్ళు, డీటీపీ సెంటర్లు, ఒక ఎరువుల కొట్టు, ఒక పాస్టరు గారి ఇల్లు. ప్రతివాళ్ళకీ ఒక కట్ట ఫారాలు కూడా ఇచ్చాను. నెల తిరిగేసరికి ఫారాలన్నీ వచ్చాయి. అన్నిట్లోనూ ఒకటే మాట. బాగుంది. చాలా బాగుంది. మీ శ్రమకు కృతజ్ఞతలు.

రాజోలు దగ్గర ఒక బళ్ళో లెక్కల మాస్టారు కూడా చాలా బాగుంది అని రాశారు. మాటల్లో తేలిందేమిటంటే, ఆయన కంప్యూటర్ మా సీడీ ఎక్కించిన రోజు నుంచి అసలు తెరుచుకోనే లేదు.

"మరి బాగుందని ఎలా రాశారు మాస్టారూ?" అన్నాను.

"అంత దూరం నించి మోసుకొచ్చేరు కదండీ. ఆడకూతురు, ఎండలో వచ్చేరు. బాగోలేదని ఎలా రాత్తామండీ?" అన్నారాయన, నన్నే ఓదారుస్తున్నట్టు.

మా పై అధికారి రఘునాథ్ గారిది అనంతపురం వైపు. ఆయనకి మర్యాదలు తక్కువ, బుర్ర ఎక్కువ. ఫారాల కట్ట చూసి, "వీళ్ళు మనకి పరీక్ష చేయడం లేదమ్మా, సన్మానం చేస్తున్నారు" అన్నారు. నాకు రోషం వచ్చింది. మావాళ్ళు మంచివాళ్ళండీ అన్నాను. "మంచివాళ్ళు కాబట్టే మనకి పనికిరావడం లేదు" అని ఫారాలు నా చేతిలో పెట్టేశారు. ఆ మాటకి వారం రోజులు కోపంగానే ఉన్నాను. ఆయన చెప్పింది నిజమే.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి ఇదొక్కటి గట్టిగా చెబుతాను. ఎలా ఉంది అని అడగకండి. ఆ ప్రశ్నకి మర్యాదస్తుడు ఒక్కటే జవాబు చెబుతాడు. వడ్డించిన మనిషి ఎదురుగా నిలబడి కూర ఎలా ఉందంటే ఉప్పెక్కువైందని ఎవరంటారు?

బావగారి పక్కన కుర్చీ

ఉపాయం నాకు అనుకోకుండా దొరికింది. రావులపాలెంలో అరటి గెలల వ్యాపారం చేసే ఒకాయన ఎరువుల కొట్లో కంప్యూటర్ ముందు కూర్చున్నారు. నన్ను చూడగానే బాగుందండీ, బాగుందండీ అంటూ నడుం నిటారు చేశారు. అంతలో ఆయన బావమరిది లోపలికొచ్చాడు. వచ్చీ రాగానే, "ఏం బావా, గెల తూచినట్టు ఆ మౌసుని అలా పైకెత్తుతున్నావేంటి?" అన్నాడు. ఈయన ఊరుకుంటారా? "నువ్వొచ్చి కూకోరా మొనగాడా, ఇది కదిలితే కదా! నొక్కిన రెండు నిమిషాలకి గానీ మేలుకోదు" అన్నారు.

పది రోజులుగా నాకు చెప్పని మాట బావమరిదికి క్షణంలో చెప్పేశారు.

మా వైపు బయటివాళ్ళతో ఎంత మెత్తగా ఉంటారో, వరసైన వాళ్ళతో అంత ఎగతాళిగా ఉంటారు. బావాబావమరుదులు, వదినామరదళ్ళు ఒకళ్ళనొకళ్ళు వదిలిపెట్టరు. ఆ ఎగతాళికి ఎవరూ నొచ్చుకోరు, నొచ్చుకుంటే తప్పు. అప్పటి నుంచి నేను సెంటరుకి వెళ్ళేముందు మీకు వరసైన వాళ్ళు ఎవరైనా దగ్గర్లో ఉన్నారా అని కనుక్కునేదాన్ని. ఇద్దరినీ ఒకే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, వెనకాల బల్ల మీద పుస్తకం పెట్టుకుని నోరు మూసుకునేదాన్ని. ఒక పూటకి నాలుగైదు తప్పులు దొరికేవి. అన్నదమ్ముల్ని కూర్చోబెడితే పని జరగదు, పెద్దాడు చెబుతాడు, చిన్నాడు వింటాడు. తండ్రీ కొడుకులైతే మరీ నిశ్శబ్దం.

రఘునాథ్ గారికి ఇది చెబితే చాలాసేపు నవ్వి, నివేదికలో దీన్ని ఏమని రాస్తావమ్మా అన్నారు. ఇద్దరేసి వాడుకరులతో పరిశీలన అని రాశాను. పైవాళ్ళు మెచ్చుకున్నారు.

ఇంతవరకూ నా తెలివి. ఇక నా తప్పు.

వీర్రాజు గారి ప్రెస్సు

మా సెంటర్లలో అన్నిటికంటే ఎక్కువ పని జరిగేది అమలాపురంలో వీర్రాజు గారి ప్రెస్సులో. కరపత్రాలు, బిల్లు పుస్తకాలు ఉన్నా, ముఖ్యంగా పెళ్ళికార్డులు. అక్కడ కంప్యూటర్ మీద కూర్చునేది సత్యవతి గారు. సీసం అచ్చుల రోజుల నుంచీ ఆ ప్రెస్సులోనే కంపోజింగ్ చేశారు. అచ్చులు పోయి కంప్యూటర్ వచ్చాక, నలభై దాటిన వయసులో కూర్చుని అదీ నేర్చుకున్నారు. ఆవిడ చేతిలో తప్పు రాదని ఊళ్ళో పేరు. కార్డు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు సత్యవతి గారు కొడతారు కదండీ అని అడిగి మరీ ఇచ్చేవారు. ఆవిడ, మంచంలో ఉన్న తల్లి, ఇద్దరే మనుషులు. ఆ ఇంటికి ఆధారం ఆ ఉద్యోగం, ఆ ఉద్యోగానికి ఆధారం ఆ పేరు.

ఉత్తుత్తి పని చేసి చూస్తే ఉత్తుత్తి తప్పులే దొరుకుతాయి, అసలు పనే దీనిమీద చెయ్యండి అని వీర్రాజు గారికి చెప్పింది నేనే. ప్రతి పనికీ పాత కంప్యూటర్లో ఒక నకలు ఉంచమని కూడా చెప్పాను. ఆయ్, అలాగేనండి అన్నారు. ఉంచారో లేదో నేను చూడలేదు. చెప్పడంతో నా పని అయిపోయిందనుకున్నాను. అదొక తప్పు, కానీ పెద్ద తప్పు కాదు.

మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడ్డాయి. మా సీడీ ఎక్కించాక వచ్చిన మొదటి పెళ్ళిళ్ళ రోజులు అవే. కొత్తపేట వాళ్ళ పెళ్ళికార్డు ఒకటి వచ్చింది. సత్యవతి గారు కొట్టి ప్రూఫు ఇచ్చారు. ఆహ్వానించేవారి పేర్లలో పెళ్ళికూతురి పెదనాన్న గారి పేరు లేదు, అన్నిటికంటే పైన వెయ్యమని పెళ్ళికూతురి తండ్రి చెప్పి వెళ్ళారు. ఆవిడ వేశారు. మర్నాడు ఆయన మళ్ళీ వచ్చి, ముహూర్తంలో నిమిషాలు మార్చమన్నారు. ఆవిడ ఫైలు తెరిస్తే అందులో వేరే ఎవరిదో పెళ్ళి ఉంది. కొత్తపేట పెళ్ళి ఎక్కడా లేదు. ఆయన ఎదురుగా కూర్చుని తొందరపెడుతున్నారు. ఆవిడ వాళ్ళు మొదట రాసిచ్చిన కాగితం ముందు పెట్టుకుని మొత్తం మళ్ళీ కొట్టారు. ఆ కాగితంలో పెదనాన్న గారి పేరు లేదు కదా, కార్డులోకీ రాలేదు. తొందరలో ఎవరూ చూసుకోలేదు. కార్డులు అచ్చయి, సగం పంచాక, పెదనాన్న గారి చేతికే ఒకటి వెళ్ళింది.

ఆయన కార్డు తిప్పి చూసి, నేను లేని ఇంట్లో పెళ్ళికి నేనెందుకు అని ఇంట్లో కూర్చున్నారు. పెళ్ళికూతురి తండ్రి వచ్చి ప్రెస్సులో కూర్చున్నారు. వీర్రాజు గారు కార్డులన్నీ మళ్ళీ వేసి ఇచ్చారు. తమ్ముడు స్వయంగా పట్టుకెళ్ళి అన్నగారి కాళ్ళు పట్టుకుంటే ఆయన పెళ్ళికి వచ్చారు. పెళ్ళి బాగానే జరిగింది. ప్రెస్సు పేరు మాత్రం పోయింది.

నేను రాసిన కాగితం

వీర్రాజు గారు నాకు కబురు పెట్టారు. నేను వెళ్ళేసరికి సత్యవతి గారు గోడ పక్కన నిలబడి ఉన్నారు.

"ఆవిడేమో మిషనే మింగేసిందంటారు. నాకు తెలీదండీ. మీరు చదువుకున్నారు, చూసి తేల్చండి. మీరేం చెబితే అదే" అన్నారు వీర్రాజు గారు.

నేను కూర్చున్నాను. ఒక ఫైలు కొట్టి పరీక్ష అని పేరు పెట్టి దాచాను. ఇంకోటి కొట్టి అదే పేరు పెట్టాను. ఈ పేరుతో ఇంకో ఫైలు ఉంది, దాని మీద రాసెయ్యమంటారా అని తెర మీద ప్రశ్న వచ్చింది. నాలుగుసార్లు చేశాను. నాలుగుసార్లూ వచ్చింది.

"చూశారా, ఇలా అడుగుతుంది. మీరు హడావిడిలో సరే నొక్కి ఉంటారు" అన్నాను.

"లేదండీ. నన్ను అడగలేదండీ" అన్నారు సత్యవతి గారు.

"గుర్తుండి ఉండదు లెండి. అంత పనిలో ఎవరికి గుర్తుంటుంది?"

ఆవిడ నా ముఖంలోకి చూసి, "ఆయ్" అన్నారు. నేను పెద్ద మనసుతో మాట్లాడానని లోపల సంతోషించాను కూడా.

ఫారం తీసి రాశాను. వాడేవారి పొరపాటు. హెచ్చరిక వచ్చినా గమనించలేదు. మా పద్ధతి ప్రకారం ఫారానికి మూడు ప్రతులు. ఒకటి హైదరాబాదుకి, ఒకటి నాకు, ఒకటి సెంటరు యజమానికి. వీర్రాజు గారి ప్రతి ఆయన చేతికిచ్చి బస్సెక్కాను. ఆ సోమవారం నుంచి రావద్దని ఆయన సత్యవతి గారికి చెప్పేశారు. కాగితం మీద ఉంది కదా, ఆయన్ని అనడానికేముంది?

ఆ సంగతి నాకు వారం తరవాత తెలిసింది. బాధపడ్డాను. తీసెయ్యమని నేను చెప్పలేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ ఇది రాయకపోతే మిగతాదంతా దండగ.

రఘునాథ్ గారి ఫోను

హైదరాబాదు ప్రతి చూసి ఆయన ఫోను చేశారు.

"హెచ్చరిక వచ్చిందని రాశావు. ఎవరు చూశారు?"

"నేను చేస్తే వచ్చిందండీ. నాలుగుసార్లు."

"నువ్వు చేస్తే సంగతి కాదమ్మా. ఆవిడ చేసినప్పుడు వచ్చిందా?"

"రాలేదని ఆవిడ అంటున్నారు."

"మరి వచ్చిందని నువ్వెలా రాశావు?"

నేను ఫారంలో నా ప్రతి తీసి మళ్ళీ చదువుకున్నాను.

"చూడు సుగుణా, ఆవిడ కొత్తగా నేర్చుకుంది, నువ్వు పాతికేళ్ళుగా కీబోర్డు మీద ఉన్నావు. అందుకని నీ మాటే నిజం అనుకున్నావు. మనం వాళ్ళకి సీడీ ఇచ్చింది వాళ్ళు మనలా చెయ్యరు కాబట్టే కదా. వెళ్ళి ఆవిడ కుర్చీలో కూర్చో. ఆవిడ కొట్టిన కార్డులే కొట్టించు" అన్నారు.

ముప్ఫయ్యేళ్ళ ఉద్యోగంలో నాకు దొరికిన పాఠాలన్నిటినీ ఒక పక్కన పెట్టి ఈ ఫోను ఒక పక్కన పెడితే, ఫోనే బరువు.

మూడు పెళ్ళిళ్ళు

మర్నాడు ప్రెస్సుకి వెళ్ళాను. మనిషి లేక వీర్రాజు గారే స్వయంగా ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతున్నారు. ఆయన బావమరిది సూరిబాబు పక్క వీధిలో సైకిల్ షాపు నడుపుతాడు. అతన్ని పిలిపించి బావగారి పక్కన కూర్చోమన్నాను. నేను వెనకాల కూర్చున్నాను.

వీర్రాజు గారు మొదటి కార్డు కొట్టారు. హిందూ పెళ్ళి. అన్ని కార్డుల్లోలాగే పైన శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. దాచారు. రెండోది మా చర్చి వాళ్ళ పెళ్ళి. పైన దేవునికే మహిమ కలుగును గాక. దాచారు. మూడోది మళ్ళీ హిందూ పెళ్ళి. దాచారు. ఈ మధ్యలో సూరిబాబు వేళాకోళాలు సాగుతూనే ఉన్నాయి. కార్డు అయ్యేలోపు ఆ జంటకి పిల్లలు పుడతారు బావా అన్నాడు. వేళ్ళకి ముళ్ళు గుచ్చుకున్నాయా అన్నాడు. తరవాత తెర మీద ఫైళ్ళ జాబితా చూసి ఆగాడు.

"ఏం బావా, పొద్దుట్నించీ మూడు పెళ్ళిళ్ళు చేసేవు. ఇక్కడ రెండే ఉన్నాయేంటి? ఒక పెళ్ళికొడుకుని మింగేవా?"

"నోరుముయ్యరా. మూడూ ఉంటాయి, సరిగ్గా చూడు."

"నువ్వే చూడు. ఒకటి శ్రీరస్తు, ఒకటి దేవునికే మహిమ. అంతే. అసలు వీటికి పేర్లేం పెట్టేవు?"

"నేను పెట్టడవేంటిరా? పైన రాసిన దేవుడి మాట అదే పేరుగా వచ్చింది. దాన్ని చెరిపి ఇంకోటి పెడతామా? శుభమా అని పెళ్ళికార్డు కొడతా ఉంటే!"

నేను లేచి నిలబడ్డాను. "దాచేటప్పుడు మిమ్మల్ని ఏమైనా అడిగిందా వీర్రాజు గారూ?"

"లేదండీ. ఏం అడగలేదండీ."

మళ్ళీ చేయించాను. అడగలేదు. ఇంకోసారి చేయించాను. అడగలేదు.

సంగతి ఇదీ. ఫైలు దాచబోతే మా సిస్టమ్ మొదటి వరసలో ఉన్న మాటల్నే పేరుగా చూపించేది. ఆ పేరు చెరిపి మనం వేరే పేరు కొడితే, అది వరకే ఉందో లేదో చూసి హెచ్చరించేది. అది చూపించిన పేరునే అలా ఉంచేస్తే మాత్రం చూసేది కాదు, అడగకుండా పాత ఫైలు మీద కొత్తది రాసేసేది. ప్రెస్సులో ఇంతకుముందు ఉన్న సిస్టమ్ పేరు చివర ఒకటి, రెండు అని అంకెలు తనే వేసుకునేది. ఆ అలవాటు మీదే సత్యవతి గారు పేరు ముట్టుకునేవారు కాదు. ముట్టుకోవడం ఆవిడకి అపచారంగా కూడా అనిపించేదని తరవాత తెలిసింది. హైదరాబాదులో మేం ఇరవైమందిమి నెలల తరబడి పరీక్షలు చేశాం. ప్రతి ఒక్కరం మాకు తోచిన పేరు కొట్టుకున్నాం. ఒక్కరంటే ఒక్కరు శ్రీరస్తుతో మొదలుపెట్టలేదు. మా ఇంట్లో ఉత్తరం రాస్తే పైన దేవునికి స్తోత్రం అని రాయకుండా మా నాన్న కలం కదిలించేవారు కాదు. ఆయన కూతురినై ఉండీ నాకు తోచలేదు.

వీర్రాజు గారు బల్ల మీది అద్దం ఎత్తి, దాని కింద పెట్టుకున్న నా ఫారం బయటికి తీశారు. దాన్ని చదివి, నా వైపు చూశారు.

"మరి ఇదేంటండి సుగుణ గారూ?"

సూరిబాబు కూడా నవ్వడం మానేశాడు.

సత్యవతి గారి ఇల్లు

ఆవిడ ఇల్లు కాలవగట్టు మీద. వేరే ప్రెస్సు వాళ్ళిచ్చిన నోటు పుస్తకాలు ముందేసుకుని కుడుతున్నారు. నన్ను చూసి లేచి కుర్చీ వేశారు. మంచినీళ్ళు ఇచ్చారు. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. మీరు చెప్పిందే నిజం, తప్పు మా సిస్టమ్‌ది, తప్పు నాది అన్నాను.

"పోన్లెండి, తెల్సింది కదండీ" అన్నారు.

ఇంకొకరైతే అక్కడితో లేచి వచ్చేద్దురు. ఈసారి నేను కదల్లేదు. పోన్లెండి అంటే పోయిందని కాదని నాకు అప్పటికి కాస్త తెలిసొచ్చింది. "మీ మనసులో ఉన్నది చెప్పండి" అన్నాను.

ఆవిడ సూది పుస్తకంలో గుచ్చి పక్కన పెట్టారు. "మీరు మంచివారేనండి. నేను అడగలేదన్నాను. మీరు అడిగిందని రాసేరు. నేను అబద్ధమాడేనని రాసినట్టే కదండీ? పని పోతే ఇంకో పని చూసుకుంటానండి. బజార్లో ఎవరు ఎదురైనా, ఏంటండీ అలా చేసేరంట అని అడుగుతున్నారండి. ఇరవయ్యేళ్ళలో నన్నెవరూ ఆ మాట అడగలేదండి."

"నన్నేం చెయ్యమంటారు?"

"నెలనెలా మీటింగు పెడతారు కదండీ. అందరూ వస్తారు. అక్కడ చెప్పండి."

రఘునాథ్ గారికి ఫోను చేశాను. సంస్థ పరువు పోతుందని పైవాళ్ళు అంటారేమో అన్నాను. "చెప్పు. ఎవరైనా అడిగితే నేనే చెప్పమన్నానని చెప్పు" అన్నారు. ఇలాంటి అధికారి దొరికితే వదులుకోకండి. నాకు మళ్ళీ దొరకలేదు.

బడి హాల్లో

మీటింగు అమలాపురంలో ఒక బడి హాల్లో జరిగేది. ఆ నెల అందరూ వచ్చారు, సంగతి పొక్కి సెంటర్లతో సంబంధం లేనివాళ్ళు కూడా వచ్చారు. సత్యవతి గారు ఆఖరి బెంచీలో కూర్చున్నారు. నేను ఫారం చదివి వినిపించాను. తరవాత కంప్యూటర్ మీద రెండు పెళ్ళికార్డులు కొట్టి, మొదటిది ఎలా మాయమైందో చూపించాను. "ఆవిడ హెచ్చరిక రాలేదని చెప్పారు. అది నిజం. వచ్చిందని నేను రాశాను. అది అబద్ధం. నేను చూడనిది చూసినట్టు రాశాను" అన్నాను. ఆ హాల్లో సగంమంది ఒకప్పుడు నా దగ్గర టైపు నేర్చుకున్నవాళ్ళే.

వీర్రాజు గారు లేచి వెనక్కి తిరిగి, "సత్యవతమ్మగారూ, నేనూ తొందరపడ్డానండి. సోమవారం నించి వచ్చెయ్యండి" అన్నారు. ఆవిడ నిలబడి, "ఆయ్, వస్తానండి" అన్నారు.

నేను వీర్రాజు గారి ప్రతి తీసుకుని, రాసింది కొట్టేసి, కింద వ్యవస్థ లోపం, వాడినవారు చెప్పినది నిజం అని రాసి సంతకం పెట్టాను. ఆవిడ దాన్ని అడిగి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి సంచీలో దాచుకున్నారు.

అప్పుడు లెక్కల మాస్టారు లేచారు. "అయితే మేవూ ఒకటి చెప్పచ్చాండీ? మాది ఇప్పటికీ తెరుచుకోవట్లేదండి" అన్నారు. హాలంతా నవ్వింది. ఆయన తరవాత పాస్టరు గారు, ఆయన తరవాత ఎరువుల కొట్టాయన. వరసైన వాళ్ళెవరూ పక్కన లేకుండానే చెప్పారు. తెచ్చుకున్న ఫారాలు చాలక రఫ్ కాగితాల మీద రాసుకున్నాను.

విడుదల

కొన్ని నెలలకి లోపాలు సరిచేసి అసలు సీడీ విడుదల చేశారు. మావాళ్ళు అన్నిటికంటే ముందు సరిచేసింది ఆ పేరు హెచ్చరికనే. సీడీ పట్టుకుని మొదట వీర్రాజు గారి ప్రెస్సుకే వెళ్ళాను. ఆయన అన్ని కంప్యూటర్లలోనూ ఎక్కించమన్నారు. సత్యవతి గారి కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కుర్చీలోంచి లేవలేదు.

"మంచిదండి. పదిమందికీ పనికొస్తాదండి. నాకు మాత్రం మీదానికి ముందున్న పాతదే ఉంచెయ్యండి" అన్నారు.

"ఇప్పుడు తప్పకుండా అడుగుతుందండీ. మీ కార్డులతోనే పరీక్ష చేయించాను. నేనే కూర్చుని చూశాను."

"అడుగుతాదండి. నమ్ముతానండి." చేతిలో ఉన్న కార్డు వరస పూర్తి చేసి, నా వైపు తిరిగారు. "మళ్ళీ ఏదన్నా అయితే మీరు నన్ను నమ్ముతారో లేదో నాకు తెలీదు కదండీ."

ఆ మాట రాయడానికి మా ఫారంలో గడి లేదు. కాగితం వెనక్కి తిప్పి, ఆవిడ అన్నది అన్నట్టే రాసి, కింద నా పేరు రాసి హైదరాబాదుకి పంపాను.